సున్నపుబట్టీ మలుపులో ఆరో రాడ్డు

బందరు కాలవ వెంబడే పోయే రోడ్డు పెనమలూరు దాటిన కాసేపటికి ఉన్నట్టుండి ఎడమచేతికి తిరుగుతుంది. ఆ మలుపులో, కాలవ గట్టున, పాడుపడ్డ సున్నపుబట్టీ ఒకటి ఉండేది. పైభాగం సగం కూలిపోయి, కింద బొగ్గులు వేసే నోరు మాత్రం తెరుచుకుని ఉండేది. పగలు మేకలు దాని నీడన పడుకునేవి. పొద్దుగూకితే మాత్రం కర్ర పెట్టి తోలినా అటు పోయేవి కావు.

దివిసీమ ఉప్పెనకి ముందటి సంగతి ఇది. ఆ రోజుల్లో ఆ మలుపు పేరెత్తితే లారీ డ్రైవర్లు మాట మార్చేవాళ్ళు. చీకటి పడ్డాక అటు పోవాల్సొస్తే చేతిలో బీడీ ఆర్పేసి, పైన కూర్చున్న క్లీనర్ని లోపలికి పిలిచి, అద్దాలెత్తుకుని దాటేవాళ్ళు. ఎందుకంటే... బట్టీ లోపల్నించి చప్పుడొస్తుంది.

కంగ్...

కాసేపు ఏమీ ఉండదు. కప్పల అరుపులు, కాలవ నీళ్ళ సవ్వడి. మళ్ళీ -

కంగ్...

గుడి గంట కాదు. గొడ్ల మెడలో గంటా కాదు. ఇనుము మీద ఇనుము పడే చప్పుడు. బెజవాడ ఆటోనగర్‌లో నాలుగు రోజులు పనిచేసినవాడికెవడికైనా అదేమిటో తెలుసు. కనెక్టింగ్ రాడ్డుని తాడుకి వేలాడదీసి సుత్తితో తడితే వచ్చే చప్పుడది. అలా ప్రతి రాడ్డునీ తట్టి, చెవి పెట్టి విని, అప్పుడుగాని ఇంజనులో పెట్టని మేస్త్రి ఊరు మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. పేరు అబ్రహాము. ఆ మలుపులోనే కాలవలో పడి చచ్చిపోయాడు.

ఇంక చెప్పేదేముంది? చచ్చినవాడు చీకట్లో కూర్చుని రాడ్లు మోగిస్తున్నాడని ఊరూరా పాకిపోయింది.

కనెక్టింగ్ రాడ్డంటే తెలియనివాళ్ళకి ఓ మాట. ఇంజనులో పైన పిస్టను ఎగిరెగిరి పడుతుంటుంది, కింద క్రాంకు గిరగిరా తిరుగుతుంటుంది. ఎగిరేదాన్నీ తిరిగేదాన్నీ కలిపి పట్టుకునే చెయ్యి ఆ రాడ్డు. నిమిషానికి వేలసార్లు పైవాడు తోస్తాడు, కిందవాడు లాగుతాడు. తోపుకి తట్టుకుంటుంది గాని, వేగం పెరిగేకొద్దీ ఆ లాగుడుకే విరుగుతుంది. అందుకని ఇంజను బలం పెంచాలనుకున్నవాడు ముందు రాడ్లు చూసుకోవాలి. అబ్రహాము కుండ బేరమాడే ఆడమనిషిలా చూసేవాడు. మంచి రాడ్డు కంగుమని మోగి చాలాసేపు పాడుతుంది. లోపల వెంట్రుకవాసి చీలిక ఉన్నా బొంగురుపోతుంది. బొంగురు రాడ్డు ఎంత మెరిసినా పాత ఇనుములోకే పోయేది.

భవానీపురం హనుమయ్య ఇతని దగ్గరికి రావడమే ఖర్మ. పొలాలమ్మి లారీలు కొన్న ఆసామి. డబ్బుకి లోటు లేదు, పేరుకే కరువు. ఏ జమీందారు వారసుల దగ్గరో పాత షెవర్లే కారు కొన్నాడు. రోడ్డు మీద తన బండిని ఇంకో బండి దాటకూడదన్నది ఆయన యావ. అబ్రహాము ఇంజను విప్పి, సిలిండర్లు పెద్దవి చేసి, కార్బొరేటర్లు రెండు పెట్టి, బలం దాదాపు రెట్టింపు చేశాడు. ఇక ఉక్కు రాడ్లు తెప్పించండి అన్నాడు.

హనుమయ్య మద్రాసు పోయి, పందెం బండ్లవాళ్ళ దగ్గర అల్యూమినియం రాడ్లు తెచ్చాడు. వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"చూశావటయ్యా అబ్రహామూ! ఎంత తేలికో! పందేలు గెలిచే బండ్లలో ఇవే వేస్తారట."

"పందెం బండి ఒక్కపూట పరిగెత్తి పడుకుంటుందండీ. పరుగవగానే ఇవి తీసి పారేస్తారు. మీ బండి రోజూ రోడ్డెక్కాలి. అల్యూమినియం అలిసిపోద్దండీ... అలిసినట్టు పైకి కనపడదు. నేను పెట్టను."

ఇంత పెద్దమనిషికి 'పెట్టను' అని మొహాన చెబితే మనసులో పెట్టుకోడూ? మర్నాడే ఇంజను తీసుకుపోయి ఇంకో షెడ్డులో అవే బిగించుకున్నాడు. నెల తిరిగాక నవ్వుతూ వచ్చాడు.

"నీ మాటే నెగ్గిందయ్యా. ఉక్కువే వేయించాను. వచ్చి కూర్చో, పోయొద్దాం."

ఆటోనగర్‌లో ఓ ఆనవాయితీ ఉంది. ఇంజనుకి పని చేసిన మేస్త్రి మొదటి పరుగులో బండిలో కూర్చోవాలి. తన పని మీద తనకే నమ్మకం లేకపోతే బండిగలవాడికి ఎట్లా ఉంటుంది? ఇంకోళ్ళు బిగించినా, మొదట చెయ్యి పెట్టింది అబ్రహామే. అందుకని వెళ్ళి కూర్చున్నాడు.

సున్నపుబట్టీ మలుపు దగ్గర రాడ్డు విరిగి, ఇంజను పొట్ట చీల్చుకుని బయటికొచ్చింది. ఆయిలు చక్రాల కింద పారింది. బండి కాలవలో పడింది. హనుమయ్యకి ఈత వచ్చు, అబ్రహాముకి రాదు.

అంతటితో ఆగినా బాగుండును. "తాగొచ్చాడండీ. బోల్టులు సరిగా బిగించలేదు. దుర్గమ్మ దయవల్ల నేను బయటపడ్డాను" అని హనుమయ్య ఊరంతా చెప్పుకున్నాడు. చుక్క ముట్టి ఎరగని మనిషిని తాగుబోతుని చేసి పాతిపెట్టారు. షెడ్డుకి బండ్లు రావడం మానేశాయి. భార్య శౌరమ్మ బజారుకి పోతే, వెనక నుంచి సీసా ఎత్తి తాగినట్టు సైగలు చేసి నవ్వేవాళ్ళు.

శౌరమ్మ తమ్ముడు రత్తయ్య బావ దగ్గరే పని నేర్చినవాడు. బండిని కాలవలోంచి లాగినప్పుడు దగ్గరుండి చూశాడు. ఇంజనుకి పడ్డ కన్నంలోంచి తెల్లగా ఏదో మెరిసింది. ఉక్కు అలా మెరవదు. సాయంత్రానికల్లా ఆ ఇంజను మాయమైపోయింది. ఎవరికి చెప్పినా "బావని వెనకేసుకొస్తున్నావు" అన్నారు. అప్పటినుంచి హనుమయ్య లారీ రోడ్డు మీద కనపడితే వాడి పిడికిళ్ళు బిగుసుకునేవి.

కొన్నాళ్ళకి ఈ దెయ్యం మాట పుట్టింది.

రత్తయ్యకీ మొదట్లో ఒళ్ళు జలదరించింది. బావ దిక్కులేకుండా తిరుగుతున్నాడే అని రాత్రుళ్ళు ఏడ్చాడు కూడా. ఒక సాయంత్రం శౌరమ్మ, గుళ్ళో జపమాలకి పోతున్నానని సంచి పట్టుకుని బయల్దేరింది. సంచి బరువుకి ఆవిడ భుజం ఒరిగిపోతోంది. జపమాల అంత బరువుంటుందా? రత్తయ్య సందు చివర నిలబడి చూశాడు. అక్క గుడి దాటిపోయి ఉయ్యూరు బస్సెక్కింది. వాడు సైకిలెక్కి రొప్పుకుంటూ వెనకే తొక్కాడు.

బట్టీ నోట్లో, చీకట్లో, అక్క కూర్చుని ఉంది. పైన ఇనపకొక్కేనికి తాడు, తాడుకి బావ షెడ్డు గోడకి తగిలించుకున్న పాత రాడ్డు. చేతిలో బావ సుత్తి.

"అక్కా... నువ్వా?"

ఆవిడ ఉలిక్కి కూడా పడలేదు.

"మరెవరనుకున్నావురా? చచ్చినోళ్ళు తిరిగొచ్చేటట్టయితే నాకీ పాట్లెందుకు?"

"ఎందుకక్కా ఇదంతా..."

"మీ బావని మనిషిగా మర్చిపోయారు. దెయ్యంగానన్నా తల్చుకోనీ. తాగి చచ్చినోడు రాడ్డెందుకు మోగిస్తాడురా అని ఒక్కడన్నా అడక్కపోతాడా?"

అడిగారు. ఒక్కడు కాదు, పదిమంది అడిగారు. తాగుబోతు దెయ్యమైతే కల్లుపాక దగ్గర తిరగాలి గాని రాడ్లతో దానికేం పని? హనుమయ్య వేసింది ఏ రాడ్లు? ఏ షెడ్డులో వేశారు? టీ కొట్ల దగ్గర ఇదే మాట. హనుమయ్య లారీల మీద పనిచేసే డ్రైవర్లే చాటుమాటుగా ఆరా తీయడం మొదలుపెట్టారు. మొగుడు పోయిన ఆడది ఒక సుత్తితో, ఒక ఇనప ముక్కతో అంత పని చేసింది. ఆవిడ పగ మీద నాకు చచ్చేంత గౌరవం.

ఆ పోటు తట్టుకోలేక హనుమయ్య ఒకరోజు మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని అబ్రహాము షెడ్డుకే వచ్చాడు.

"రత్తయ్యా, జరిగిందేదో జరిగింది. ఆ బండికి వేరే ఇంజను సంపాదించాను. దాన్ని మీ బావ కట్టినంత బలంగా నువ్వు కట్టాలి. ఈసారి ఉక్కు రాడ్లే వెయ్యి, నీకు నచ్చినవి ఏరుకో. రాత్రిపూట ఆ మలుపులో యాక్సిలరేటరు మీద కాలు నొక్కిపట్టి దాటిస్తాను. పక్కన నువ్వు కూర్చోవాలి. దెయ్యం లేదు, గియ్యం లేదని ఊరి నోరు మూతపడాలి."

'ఈసారి' అన్నాడు. అంటే పోయినసారి? రత్తయ్య తలెత్తి చూశాడు. తను ఏమన్నాడో ఆ పెద్దమనిషికి తెలియనేలేదు.

షెడ్డు వెనక వంటింటి గుమ్మంలోంచి శౌరమ్మ అంది - "కట్టరా తమ్ముడూ."

రత్తయ్య కట్టాడు. రాడ్ల కోసం వన్ టౌన్‌లో పాత ఇనుము కొట్లన్నీ గాలించాడు. అదే కంపెనీ లారీ ఇంజను రాడ్లు దొరికాయి. కొలతలు అవే, నడుం మాత్రం దిట్టం. పోత పోసినవాటి మొహం చూడలేదు, ఎర్రగా కాల్చి అచ్చులో పెట్టి కొట్టినవే ఏరాడు. ఆరు సిలిండర్లకి ఆరింటినీ తూచి, బరువు సమానమయ్యేదాకా ఆకురాయి పట్టాడు. బోల్టులు మటుకు కొత్తవి కొన్నాడు. రాడ్డుకన్నా ముందు ఓడిపోయేది బోల్టేనని బావ చెబుతుండేవాడు. బరువు రాడ్లు గదా, బండి వేగం అందుకోవడం ఒక పిసరు నెమ్మదిస్తుంది. కాని రోజూ రోడ్డు మీద తిరిగే బండికి అదే ఆయుష్షు.

షెడ్డు తలుపు మూసి ఒక్కొక్కటే వేలాడదీసి తట్టాడు.

ఒకటి... కంగ్. రెండు... కంగ్. మూడు, నాలుగు, అయిదు... అన్నీ పాడాయి.

ఆరోది బొంగురుపోయింది.

పాత ఇనుములోకి విసరబోయాడు. చెయ్యి ఆగింది.

సంచిలో ఇంకో మంచి రాడ్డు ఉంది. దాన్ని గోనె కింద పెట్టేశాడు. బొంగురు రాడ్డే తీసుకుని ఆరో పిస్టనుకి బిగించాడు.   ఊళ్ళో మెల్లగా నడిస్తే ఏమీ కాదు. కాలవ గట్టు మీద కాలు నొక్కిపట్టినప్పుడు ఆ లాగుడుకి అది రెండవుతుంది. అదే రోడ్డు, అదే మలుపు. పైగా కాలవ నిండుగా పారుతోంది, ఈతలూ గీతలూ పనికిరావు. కంటికి కన్ను అని పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది గదా అనుకున్నాడు. తర్వాత ఇంకేదో కూడా రాసి ఉంది. అంతదూరం పోదల్చుకోలేదు.

ఒక్కటే చిక్కు, ఆ ఆనవాయితీ. ఆ రోజుకి జ్వరం వచ్చిందని పడుకుంటే సరి.

అనుకున్న రోజు దీపాలు పెట్టే వేళకి కారొచ్చింది. రత్తయ్య దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. హనుమయ్య మొహం మాడిపోయింది.

"షెడ్డు మనిషి లేకుండా నేను పోను. ఆనవాయితీ ఆనవాయితీయే."

అప్పుడు శౌరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని ఉంది.

"వాడికి బాగాలేకపోతే నేను కూర్చుంటా. షెడ్డు మా ఆయనది. ఆయన తర్వాత నాదే గదా."

రత్తయ్య మూలుగు ఆపేశాడు. వద్దనాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే... దుప్పటి విసిరేసి లేచాడు.

"నేనూ వస్తా. అక్కా, నువ్వుండు."

"ఇద్దరం పోదాం" అంటూ ఆవిడ వెనక సీట్లో కూర్చుంది.

కారు బందరు రోడ్డెక్కింది. ఇంజను తేనెటీగల పట్టులా మెత్తగా మోగుతోంది. రత్తయ్య ముందు సీట్లో కూర్చుని ఆ చప్పుడే వింటున్నాడు. కానూరు దగ్గర అన్నాడు - "అక్కా, ఇక్కడ దిగు. తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాం."

"దిగను."

పోరంకిలో మళ్ళీ అన్నాడు.  హనుమయ్య నవ్వి - "ఎందుకయ్యా అంత భయం? నువ్వు కట్టిన బండేగా!" అన్నాడు.

పెనమలూరు దీపాలు వెనకపడ్డాయి. ఇక ముందంతా చీకటి. ఒకపక్క వరిపొలాలు, ఒకపక్క కాలవ. చివర్న మలుపు. రత్తయ్య వెనక్కి తిరిగి చూశాడు. చెబితే పగ చెడుతుంది, తను జైలుకి పోతాడు, బావ ఎప్పటికీ తాగుబోతుగానే మిగిలిపోతాడు. చెప్పకపోతే... వెనక సీట్లో అక్క.

మలుపుకి కూతవేటు దూరాన హనుమయ్య బండి ఆపాడు. కొత్త ఇంజనుని కొన్ని మైళ్ళు మెల్లగా నడిపి, ఆపి, ఆయిలు చూసుకుని, అప్పుడుగాని వదలకూడదు. అదీ అబ్రహాము పద్ధతే. తాళంచెవి తిప్పాడు. ఇంజను ఆగింది.

"త్వరగా చూడు" అన్నాడు, గొంతు తగ్గించి.

రత్తయ్య దిగి బానెట్టు ఎత్తాడు. వేడి మొహానికి కొట్టింది. ఆయిలు చూసే పుల్ల లాగాడు. చీకట్లో ఏం కనపడుతుంది... చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఎట్లా? ఏం చెప్పి దింపాలి?

కంగ్...

బట్టీ వైపు నుంచి.

ముందు భయమెయ్యలేదు. అక్క మోగిస్తోంది, అనుకున్నాడు అలవాటుకొద్దీ. అక్క కారులోనే ఉంది గదా అని ఆ వెంటనే గుర్తొచ్చింది. మెల్లగా తల తిప్పాడు.

అక్క వెనక సీట్లోనే ఉంది. రెండు చేతులూ ముందు సీటుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"అక్కా..."

"నేనిక్కడే ఉన్నా గదరా..." గుసగుసగా అంది. ఆవిడ గొంతు అలా వణకడం వాడెన్నడూ వినలేదు. "మీ బావ రాడ్డు ఇంటి దగ్గరే ఉంది. పొద్దున్నే గోడకి తగిలించా..."

కంగ్...

"ఎ... ఎవర్రా అది?" హనుమయ్య స్టీరింగు వదిలేసి వెనక్కి ఒరిగాడు.

కంగ్... ఒక్కో చప్పుడూ ఒక్కోలా ఉంది. ఒకే రాడ్డుని మళ్ళీ మళ్ళీ కొడుతున్నట్టు లేదు. ఒకటి దించి ఇంకోటి తగిలించి, తట్టి, చెవి పెట్టి విని... అంత తీరిగ్గా, అంత ఒద్దికగా. ఆ చెయ్యి రత్తయ్యకి తెలుసు.

కంగ్... నాలుగు.

కంగ్... అయిదు.

కాలవ నీళ్ళ చప్పుడు కూడా ఆగినట్టనిపించింది. రత్తయ్య ఊపిరి బిగబట్టాడు. వద్దు బావా... వద్దు...

ఆరోది - బొంగురుగా మోగి అక్కడే చచ్చిపోయింది.

రత్తయ్య చేతిలో పుల్ల జారిపోయింది. గబగబా వచ్చి కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేసుకున్నాడు.

"దిగండి హనుమయ్యగారూ. ఆరో రాడ్డు చెడ్డది. తెలిసే పెట్టాను."

హనుమయ్యకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక తలుపు తన్ని దిగాడు.

"నన్ను... నన్ను చంపుదామనుకున్నావట్రా? నమ్మి కూర్చుంటే..."

"అవునండీ. మా బావ కూడా మిమ్మల్ని నమ్మే కూర్చున్నాడు."

హనుమయ్య చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

కంగ్...

ఈసారి బట్టీలోంచి కాదు. రోడ్డు మీద నుంచి. దగ్గర్నుంచి. మళ్ళీ ఇంకోటి, ఇంకా దగ్గర్నుంచి. అక్కడ వేలాడదీయడానికి తాడు లేదు, కొక్కెం లేదు, మనిషి లేడు...

హనుమయ్య ఒక్క కేక పెట్టి బెజవాడ దారి పట్టాడు. ఒక చెప్పు అక్కడే వదిలేశాడు. పంచె కాళ్ళకి అడ్డం పడి రెండుసార్లు బోర్లాపడి లేచాడు. చప్పుడు అక్కాతమ్ముళ్ళని దాటుకుని, ఆయన వెనకే, అంతే తీరిగ్గా పోయింది. కంగ్... కంగ్... క్రమంగా దూరమైపోయింది.

రత్తయ్య రోడ్డు మీదే కూలబడ్డాడు. శౌరమ్మ కారు దిగి వచ్చి వాడి ముందు నిలబడింది.

"ఎందుకు ఆపావురా?"

"అక్కా, ఆరో రాడ్డు..."

"చెడ్డదని నాకు తెలుసు."

ఆవిడే మళ్ళీ అంది -

"ఇన్నేళ్ళు మీ బావ మోగిస్తుంటే వినలేదూ? నువ్వు తలుపు మూసుకుని తట్టినప్పుడు నేను వంటింట్లో తాలింపు వేస్తున్నా. ఆరోది బొంగురుపోవడం విన్నా. మర్నాడు పాత ఇనుములో వెతికితే అది లేదు."

"తెలిసీ... ఎక్కావా?"

"వాడు పోయేటప్పుడు వాడి మొహం చూడాలనుకున్నా. ఆ తర్వాత నాకేం పని ఉందిరా ఇక్కడ? నిన్ను మాత్రం మలుపుకి ముందే ఎట్టాగో దింపేద్దామనుకున్నా."

ఆవిడ బట్టీ వైపు తిరిగింది. మొగుడు పోయిననాడు కూడా జనం ముందు కన్నీళ్ళు పెట్టని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

"నన్ను రావద్దంటున్నాడురా మీ బావ..."

ఆ తర్వాత ఆవిడ సుత్తి పట్టుకుని ఆ మలుపుకి పోలేదు. బట్టీలో చప్పుడూ ఆగిపోయింది. మేకలు రాత్రిపూట కూడా అక్కడే పడుకోవడం మొదలుపెట్టాయి. రత్తయ్య కారుని తాళ్ళు కట్టి లాక్కొచ్చి, ఇంజను విప్పి, ఆరో రాడ్డుని దాగలి మీద పెట్టి సమ్మెటతో ముక్కలు చేశాడు.

హనుమయ్య కేసు పెట్టలేదు. పెడితే రాడ్ల సంగతి తిరగతోడాలి. తిరగతోడితే మొదటి రాడ్లూ బయటికొస్తాయి. నోరు మూసుకుని, కారు వచ్చినకాడికి అమ్మేసి, ఇంట్లో కూర్చున్నాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదనుకున్నాడు.

కాని దీపాలు పెట్టే వేళకి, భవానీపురంలో ఆయన పెరట్లో... కంగ్.

పెరట్లో కొట్టం పడగొట్టించాడు. బావి పూడ్పించాడు. భూతవైద్యుణ్ణి పిలిపించాడు. లాభం లేదు. ఇల్లు అమ్మేసి ఇబ్రహీంపట్నం పోయాడు. భవానీపురం ఇంట్లో కొత్తగా దిగినవాళ్ళకి ఏ చప్పుడూ లేదు. ఇబ్రహీంపట్నంలో మాత్రం మొదటి సాయంత్రమే మోగింది. అది తనకొక్కడికే వినపడుతోందని ఆయన అనుకున్నాడు. డాక్టరుగారు చెవిలో నరం దెబ్బతిందన్నారు. చేసిన పాపం చెవిలో మోగుతోందని ఊళ్ళోవాళ్ళన్నారు. నాకూ ఆ మాటే సబబుగా తోచింది.

చివరికి ఒకరోజు ఆయన ఆటోనగర్ వచ్చి, షెడ్లు కట్టేసే వేళ, అందరి ముందూ నిలబడి చెప్పాడు - "అబ్రహాము తాగలేదు. ఆ రాడ్లు నేనే వేయించాను. ఉక్కువని అబద్ధమాడాను." శౌరమ్మ విన్నది. తిరిగి లోపలికి పోయింది. వారం తిరక్కుండా అబ్రహాము షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి.

ఆ రాత్రి హనుమయ్యకి చప్పుడు లేదు. హమ్మయ్య అనుకున్నాడు. మర్నాడు దీపాలు పెట్టగానే మళ్ళీ మోగింది.

అప్పుడు తెలిసింది, ఒకసారి చెబితే చాలదని. అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఇంటి గేటు దగ్గర నిలబడి, రోడ్డున పోయేవాళ్ళు వినేట్టు అవే మాటలు చెప్పేవాడు. చెబితేనే చప్పుడు ఆగేది. వీధిలోవాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు, తర్వాత విసుక్కున్నారు. మతి చలించిన మనిషిలే అని వదిలేశారు.

ఒక చలికాలం ఆయనకి రొంప చేసి గొంతు పూర్తిగా పూడుకుపోయింది. గుటక వేయడమే కష్టంగా ఉంది, మాటెక్కడ? దీపాలు పెట్టే వేళైంది. ఇవాళ్టికి ఈ గోల తప్పిందని వీధిలోవాళ్ళు అరుగుల మీద కబుర్లలో పడ్డారు.

ఆ ఇంటి తలుపు దడాల్న తెరుచుకుంది. ఆయన భార్య రావమ్మ - పొరుగింటివాళ్ళతో కూడా గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి - రెండు చెవులూ చేతుల్తో మూసుకుని గేటు దాకా పరిగెత్తుకొచ్చింది.

"అబ్రహాము తాగలేదు! ఆ రాడ్లు మా ఆయనే వేయించాడు! ఉక్కువని అబద్ధమాడాడు!" అని వీధంతా దద్దరిల్లేట్టు అరిచింది.

అరిచి, మెల్లగా చెవుల మీద నుంచి చేతులు తీసి, పెరటి వైపు ఒక్క క్షణం ఆలకించింది. తర్వాత లోపలికి పోయి గడియ పెట్టుకుంది.